ముందు చెప్పి యుంచవలసిన మాట
(వార్షిక మహాసభయందలి యుపన్యాస పాఠము)

   

ఈ మహాసభయందు విద్యార్థివేతనములను గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు, వసతిగృహ నిర్మాణమును గూర్చియు పెద్దలు విపులముగా ముచ్చటించిరి. అవి యన్నియు ప్రధానముగా యౌవనమునకు సంబంధించిన విషయములు. నిర్వాహకులు దయతో నాకొసంగిన యీ కొలదికాలమును వార్ధకమునకు వినియోగింపదలచితిని. అందును, నోరు విప్పి మాటాడుటకు మనలో ననేకులు జంకెడు నొక విషయమును మీ ముందుంచుచున్నాను. వృద్ధాశ్రమములందు నివసించు మన పెద్దలు తమ తుదిదినములలో నెట్టి చికిత్సను కోరుదురో, ఎట్టిదానిని వలదందురో, తాము మాటాడలేని స్థితి వచ్చినచో తమ పక్షమున నెవరు మాటాడవలయునో, బుద్ధి స్వాధీనమున నుండగనే చెప్పి వ్రాసియుంచుటయే యా విషయము.

పండుగవంటి సభలో నీ యశుభప్రసంగమేల యని కొందఱనుకొనవచ్చును. మరణమును గూర్చి మాటాడినంతమాత్రమున మరణము రాదు, మాటాడకున్నంతమాత్రమున నాగదు. ఇల్లు కట్టునపుడే వాననీరు పోవుటకు తూము పెట్టుదుము. అంతమాత్రమున వానను పిలిచినట్లగునా? తూము లేని యింటికి వాన మఱింత కష్టమును దెచ్చును. ఇదియు నట్టిదే.

మన తాతల కాలమున వృద్ధుడు తన యింట, తన మంచముపై, తనవారి నడుమ కన్నుమూయువాడు. వైద్యుడు నాడి చూచి పెదవి విఱిచినంతనే బంధువులకు కబురు పోయెడిది. తులసితీర్థము నోట బోసెడివారు. అప్పుడు నిర్ణయింపవలసినది విశేషముగ నేమియు లేదు. నేడట్లు కాదు. ఊపిరి యాగినచో నడిపించు వెంటిలేటరు కలదు. మూత్రపిండములు పనిచేయనిచో రక్తమును శుద్ధిచేయు డయాలిసిస్ యంత్రము కలదు. మ్రింగలేనివానికి ముక్కుగుండ నాహారమును పంపు గొట్టము కలదు. ఇవి యెందఱినో బ్రదికించినవి. వీనిని నిందించుట కృతఘ్నత. కాని ప్రతి యంత్రము వెంటను ఒక ప్రశ్న వచ్చినది: ఈ రోగికి దీనిని పెట్టవలయునా, వలదా? పెట్టినచో నెంతకాలముంచవలయును? ఈ ప్రశ్న మన తాతలకు లేదు, మనకు కలదు. సమాధానము చెప్పుటకు సర్వవిధముల నర్హుడు రోగియే. ఐనను ఆ సమయమునకు రోగికి మాట యుండదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఇక వృద్ధాశ్రమముల మాట. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమములకై 2007 లో చేయబడిన శాసనము, జిల్లాకొక్కటి చొప్పున నైనను, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునంతటి యాశ్రమములను రాష్ట్రప్రభుత్వములు నెలకొల్పవచ్చునని చెప్పుచున్నది. ధర్మసంస్థలవారును, సొమ్ము పుచ్చుకొని నడుపువారును నెలకొల్పిన యాశ్రమములు వేఱు. మన బిడ్డలు హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు పోయిరి. దీనిని గూర్చి వేదికలపై బిడ్డలను దూషించుట యాచారమైనది. నేనట్లు దూషింపను. వారిని చదువుకొండని పంపినది మనమే. మన సంఘపు విద్యార్థివేతనములే కొందఱికి విమానమెక్కుటకు నిచ్చెనలైనవి. ఫలమును కోరి చెట్టు నాటినవారము నీడ యటువైపు పడినదని యేడ్వరాదు.

శ్రీమద్రామాయణమున దశరథుని యవసానమును స్మరింపుడు. నలుగురు కుమారులు గల మహారాజు కన్నుమూసిననాడు ఒక్కడును చెంత లేడు. రామలక్ష్మణులు వనమున నుండిరి. భరతశత్రుఘ్నులు కేకయరాజు నగరమున నుండిరి. మంత్రులును వసిష్ఠుడును కూడి, దేహమును తైలద్రోణియందుంచి, భరతునికై దూతలను పంపిరి. సంతానము దూరమున నుండుట నేటి వింత కాదు. పుత్రులు దూరమున నున్నపుడు చెంతనున్నవారు ధర్మము తప్పక నడచుకొనుటకు వారికి మార్గము తెలిసియుండుటయే ముఖ్యము.

ఇప్పుడొక సందర్భమును భావింపుడు. ఎనుబది రెండేండ్ల తల్లి కృష్ణాతీరమందలి యొక వృద్ధాశ్రమమున నున్నది. కుమారుడు డాలస్ నగరమున, కుమార్తె విశాఖపట్టణమున నున్నారు. ఒక రాత్రి రెండుగంటలకామెకు పక్షవాతము వచ్చి తెలివి తప్పినది. మేనేజరు ఆసుపత్రికి జేర్చెను. ఊపిరి తడబడుచున్నది, గొట్టము వేయవలయునా యని డాక్టరడుగును. కుమారుడు ఫోనులో, ‘ఎంత ఖర్చయినను వెనుదీయవలదు, సమస్తము చేయుడు’ అనును. కుమార్తె, ‘అమ్మనింక బాధింపవలదు’ అనును. ఇద్దఱికిని తల్లియెడ ప్రేమ కలదు; ఆ తల్లి యేమి కోరునో ఇద్దఱికిని తెలియదు. ఆమెకు ప్రతిదినము తల దువ్వి, అన్నము తినిపించు ఆయాకు మాత్రము తెలియును. ‘నన్ను గొట్టములకు కట్టివేయనీయకు తల్లీ, నీ చేతి నీళ్లు త్రాగి పోదును’ అని యామె పలుమాఱులు చెప్పియున్నది. కాని యాయా నడుగువారెవరు? ఆమె చెప్పినను వినువారెవరు? ఆ తల్లి యిరువదిదినములు యంత్రమున నుండి పోవును. అటుపిమ్మట అన్నయు చెల్లెలును మాటాడుకొనరు. ఒకడు ‘నేను చేయవలసినది చేసితిని’ అనును. ఇంకొకతె ‘నీవామెను హింసించితివి’ అనును. తల్లి పలికియుండవలసిన నాలుగుమాటలు కాగితముపై లేకపోవుటచే ఒక కుటుంబము రెండుగా చీలినది. ఇట్టి చీలికలను మీలో ననేకులెఱుగుదురు. నేను పేరులు చెప్పనక్కఱలేదు.

ముందు చెప్పి యుంచుట పాశ్చాత్యుల వద్దనుండి తెచ్చుకొన్న వింత యని కొందఱి యభిప్రాయము. మహాభారతమున భీష్మపర్వమును తెఱచి చూడుడు. భీష్ముడు శరతల్పమున నొరిగినపుడు దుర్యోధనుడు శల్యములను పెఱుకుటయందు నేర్పరులగు వైద్యులను పిలిపించెను. పితామహుడు వారిని నిందింపలేదు. ధనమిచ్చి సత్కరించి పంపివేయుమనెను. తల వ్రేలాడుచున్నదని రాజులు పట్టుతలగడలను తెచ్చిరి. అవి తనకు తగవని చెప్పి అర్జునుని వైపు చూచెను. అర్జునుడు బాణములతో తలగడ నమర్చెను. దప్పికయైనపుడు కుంభములతో తెచ్చిన నీటిని గాక, అర్జునుడు భూమిని భేదించి తెచ్చిన జలమును గ్రహించెను. తాను పరుండిన చోటి చుట్టును కందకము త్రవ్వుడనెను. ఉత్తరాయణము వచ్చువఱకు వేచియుండెను.

ఇందు మనకు కావలసినదంతయు నున్నది. వలదన్న చికిత్స యేదియో చెప్పెను. కావలసిన యుపశమనమేదియో చెప్పెను. తన మనస్సెఱిగినవాని నొక్కని నేఱి, వానివైపు చూచెను. ఉండవలసిన చోటును నిర్ణయించెను. చికిత్సను మానుట వేఱు, సేవను మానుట వేఱు అను భేదమును స్పష్టపఱచెను. వైద్యులను పంపివేసినవాడు నీటిని, తలగడను వలదనలేదు గదా! భీష్మునకు స్వచ్ఛందమరణమను వరము కలదు, మనకు లేదు. కాని మాట యను వరము మనకును కలదు. అది యున్నంతలో దానిని వినియోగించుకొనవలయును.

చరకసంహితయందు వైద్యుని వృత్తి నాలుగు విధములని చెప్పబడినది: ప్రాణులయెడ మైత్రి, ఆర్తులయందు కారుణ్యము, సాధ్యమగు వ్యాధియందు ప్రీతి, మరణోన్ముఖులయందు ఉపేక్ష. ఇచ్చట ఉపేక్ష యనగా నిర్లక్ష్యము కాదు, సాధింపరానిదానితో పోరాడకుండుట. ఈ వివేకమును నేటి వైద్యులు ఉపశమన చికిత్స యను పేర విస్తరించిరి. 1993 లో కోళిక్కోడున మొదలైన యీ సేవ కేరళదేశమంతట వ్యాపించినది. ఆ రాష్ట్రము 2008 లో దానికొక విధానమునే ప్రకటించెను. హైదరాబాదునందలి ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో నీ విభాగము పనిచేయుచున్నది. తీవ్రమగు నొప్పికి మార్ఫిన్ అను నౌషధము ముఖ్యము. మాదకద్రవ్య శాసనమునకు 2014 లో చేసిన సవరణవలన, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దానిని నిలువ యుంచుట పూర్వముకంటె సులభమైనది.

ఇక శాసనస్థితిని మనవి చేసెదను. ముంబయిలోని ఆసుపత్రిలో 1973 నుండి స్పృహలేని స్థితిలో నున్న అరుణా శాన్‌బాగ్ అను నర్సు విషయమున 2011 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆమె పక్షమున మాటాడుటకర్హులెవరను ప్రశ్న వచ్చినపుడు, దశాబ్దముల తరబడి ఆమెను సేవించిన యాసుపత్రి సిబ్బందియే యని న్యాయస్థానము నిర్ణయించెను. ఆశ్రమములు నడుపువారు దీనిని మఱవరాదు. దినదినము సేవించువారి మాటకు విలువ కలదు.

కామన్ కాజ్ అను సంస్థ 2005 లో వేసిన పిటిషనుపై 2018 మార్చి 9 వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగధర్మాసనము, గౌరవముతో మరణించు హక్కు రాజ్యాంగపు 21 వ అధికరణమందలి జీవించు హక్కులో నంతర్భాగమని చెప్పి, ముందస్తు వైద్యనిర్దేశపత్రమును చెల్లునట్లు చేసెను. అప్పటి నియమముల ప్రకారము మేజిస్ట్రేటు సంతకము కావలసి వచ్చెను. అది సామాన్యునకు కొండయెక్కుట వంటిదయ్యెను. 2023 జనవరి 24 వ తేదీన ధర్మాసనము నియమములను సడలించెను. ఇప్పుడు బుద్ధిస్వాస్థ్యము గల వయోజనుడెవ్వడైనను, ఇరువురు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచేత గాని గెజిటెడ్ అధికారిచేత గాని ధ్రువీకరింపజేసికొనిన చాలును. సాక్షులు సాధ్యమైనంతవఱకు స్వతంత్రులై యుండవలయును. పత్రమున సంరక్షకుల లేదా దగ్గఱి బంధువుల పేరులు వ్రాయవలయును. ఒక ప్రతి, పురపాలకసంఘమందో పంచాయతీయందో నియమింపబడిన యధికారికి చేరవలయును. కుటుంబవైద్యుడున్నచో వానికిని ఒక ప్రతి నీయవలయును. ఎప్పుడు కావలసిన నప్పుడు వ్రాతమూలముగా రద్దుచేసికొనవచ్చును. రెండు పత్రములున్నచో చివరిదే ప్రమాణము.

ఆ కాగితమును చూచినంతనే డాక్టరు యంత్రమును తీసివేయునని భయపడవలదు. రోగి కోలుకొను నాశ లేని స్థితిలో నుండి, స్వయముగా నిర్ణయింపలేనపుడు మాత్రమే పత్రము పనికి వచ్చును. చికిత్స చేయు డాక్టరును, ఐదేండ్లకు తక్కువ కాని యనుభవము గల మఱి యిద్దఱు నిపుణులును మొదటి వైద్యమండలిగా కూర్చుందురు. వారి యభిప్రాయమును రెండవ మండలి పరీక్షించును. అందొక వైద్యుని జిల్లా ముఖ్యవైద్యాధికారి నియమించును. ఒక్కొక్క మండలి సాధ్యమైనంతవఱకు 48 గంటలలో నిర్ణయింపవలయును. పత్రమున పేర్కొనబడినవారి సమ్మతి యుండవలయును. అమలు జరుపుటకు ముందు మేజిస్ట్రేటునకు తెలుపవలయును. ఒప్పుకొననివారు హైకోర్టునకు పోవచ్చును. ఇన్ని కాపుదలలున్నవి. మందిచ్చి ప్రాణము తీయుటకు మన శాసనమెన్నడు నంగీకరింపలేదు. అది వేఱు విషయము. కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరిలో నీ తీర్పు ననుసరించి యుత్తరువు వెలువరించినది.

శాసనపత్రము ఒక భాగము మాత్రమే. అంతకంటె ముఖ్యమైనది సంభాషణము. ఆశ్రమమునకు వచ్చిన కొన్ని వారములకు, కొత్త బెదురు తీఱిన పిమ్మట, వారికి నచ్చినవారు చెంత కూర్చుండి మెల్లగా నడుగవలయును. ‘పిన్నిగారూ, మీకు మాటాడలేని సమయము వచ్చినచో మీ మాటగా నెవరి మాట వినుమందురు? ఆసుపత్రికి పోవుట మీకిష్టమా, ఇచ్చటనే యుండుట యిష్టమా? మీకన్నింటికంటె భయము కలిగించునదేది? మనస్సునకు శాంతి నిచ్చునదేది?’ అని యడుగవలయును. ఒకరు ‘నాకు యంత్రములు వలదు’ అందురు. ఇంకొకరు ‘నా మనుమరాలి పెండ్లి చూచువఱకు ఏమి చేసియైనను బ్రదికింపుడు’ అందురు. రెండును గౌరవింపవలసినవే. చికిత్సను కాదనుటకే కాక, కోరుటకును ఈ వ్రాత పనికివచ్చునని గ్రహింపవలయును.

చిన్న విషయములని త్రోసిపుచ్చరానివి మఱికొన్ని కలవు. కన్నద్దములు, చెవియంత్రము వెంట పంపవలయునని వ్రాయుడు. అవి లేక మాట వినరానివానిని మతి చెడినవాడని యాసుపత్రిలో భ్రమపడుదురు. చెంత నెవరుండవలయును, ఏ దేవుని పేరు చెవిలో చెప్పవలయును, నేత్రదానమున కిష్టమా, కర్మ యెవరు చేయవలయును, విదేశమునుండి బిడ్డ వచ్చువఱకు దేహమునుంచవలయునా యనునవి వ్రాయుడు. మతిమఱుపు వ్యాధి మొదలైనవారి విషయమున నాలసింపరాదు. తెలివి నిలిచియున్న నెలలే వారికి గడువు. ఆ వ్యాధి తుదిదశలో గొట్టముద్వారా ఆహారమిచ్చుటకంటె, చేతితో కొలదికొలదిగా తినిపించుటయే మేలని వృద్ధవైద్యనిపుణుల మతము. ఇట్టి సంగతులను డాక్టరు ముందుగా విప్పి చెప్పినగాని వృద్ధుడు సరిగా నిర్ణయింపజాలడు. బలహీనమగు దేహమున గుండె యాగినపుడు ఱొమ్మును బలముగా నొక్కినచో ప్రక్కటెముకలు విఱుగవచ్చుననియు, గొంతున గొట్టమున్నంతవఱకు మాటాడుట సాధ్యము కాదనియు తెలియనివాడు ‘సమస్తము చేయుడు’ అనుటలో నర్థమేమి?

ఇందు ప్రమాదములును కలవు. దాచి ప్రయోజనము లేదు. ఖర్చునకు జంకి, లేదా యాస్తికి తొందరపడి, వృద్ధుని చేత సంతకము చేయించువారుండవచ్చును. పడక ఖాళీయగునని చూచు యాశ్రమములు నుండవచ్చును. తాను భారమైతినని తలంచి, మనస్సున లేని మాటను వృద్ధుడే పలుకవచ్చును; ఇది యన్నింటికంటె బాధాకరము. కావున ఆస్తి వీలునామాను, ఈ పత్రమును ఒకే దినమున, ఒకే బల్లపై వ్రాయింపరాదు. వారసులు గాని యాశ్రమపు యజమాని గాని సాక్షులుగా నుండరాదు. పత్రము వ్రాసినగాని చేర్చుకొనమను నియమముండరాదు. వ్రాయననువారిని నిర్బంధింపరాదు, ‘నా బిడ్డల కిష్టమైనట్లు చేయుదురుగాక’ అనుటయు నొక సమాధానమే. సంవత్సరమున కొకసారి, జన్మనక్షత్రము నాడు గాని మఱియొక నాడు గాని, పత్రమును చదివి వినిపించి, మార్పు కలదేమో యడుగవలయును. అరువదియైదవ యేట కోరినది ఎనుబదియవ యేట కోరకపోవచ్చును.

దాతలకు ప్రత్యేకముగా నొకమాట. మన సంఘముద్వారా వృద్ధులకు పడకలు, దుప్పట్లు, ఉచిత భోజనము మీరొసంగుచున్నారు. పాలరాతిపై పేరులు చెక్కించుటకు వీలగు దానములవి. నేను కోరు దానమునకు పాలరాయి లేదు. నెలకు రెండుమాఱులు వచ్చి కూర్చుండి మాటాడు వైద్యుడొకడు, నొప్పి నుపశమింపజేయుట తెలిసిన నర్సొకతె, నోటరీ రుసుమునకు, ప్రతుల వ్రాతకు కొంచెము సొమ్ము. దీనివలన కలుగు ఫలము కంటికి కనబడదు. అర్ధరాత్రి ఫోనువద్ద వణకుచున్న కుమారునకు, ‘మీ యమ్మగారిట్లు చెప్పియున్నారు’ అని చదివి వినిపించుటయే యా ఫలము.

కావున ఈ మహాసభ యీ క్రింది తీర్మానములను పరిశీలింపవలయునని ప్రార్థించుచున్నాను. మొదటిది: మన సంఘమున కాదరణ గల ప్రతి యాశ్రమమునను, నివాసుల కోరికలను ఆదరముతో నడిగి తెలుగున వ్రాసి, వారి మంచము దగ్గఱను, కచేరిలోను, బంధువుల వద్దను ఒక్కొక్క ప్రతి యుంచవలయును. రెండవది: శాసనబద్ధమగు పత్రము వ్రాయదలచినవారికి నోటరీని ఆశ్రమమునకే రప్పించి, రుసుమును సంఘమే భరింపవలయును. మూడవది: ఆయాలకు, కాపలాదారులకు నీ పత్రమెచ్చటనున్నదో, అర్ధరాత్రి నెవరిని పిలువవలయునో నేర్పవలయును, వారు విన్న మాటలను వ్రాయుటకొక పుస్తకముంచవలయును. నాలుగవది: విదేశములందున్న మన బిడ్డలతో, తల్లిదండ్రుల సమక్షమున, సంవత్సరమునకొక్కసారియైనను ఈ విషయమున ఫోనులో సంభాషణ జరుపవలయును. ఐదవది: తీర్మానము చేసిన మనమే మొదట వ్రాయవలయును. వేదికపై నున్న పెద్దలలో నరువదియేండ్లు దాటినవారు పెక్కురు. మనము వ్రాయక యాశ్రమమందలి పేదవారిని వ్రాయుమనుట ధర్మము కాదు.

మన పూర్వులు పుట్టుకకు జాతకము వ్రాయించిరి. పెండ్లికి లగ్నపత్రిక వ్రాయించిరి. జీవితమున మొదటి ఘట్టమునకును, నడిమి ఘట్టమునకును కాగితమున్నది. తుది ఘట్టమునకు లేదు. ఆ కొఱతను తీర్చుటకు ధనము విశేషముగ నక్కఱలేదు. వినుటకు నోపికయు, అడుగుటకు ధైర్యమును కావలయును. వృద్ధులు మనలను మాటలు నేర్పి పెంచిరి. వారి మాట పోవు కాలమున, వారు ముందు చెప్పిన మాటను నిలుపుట మన వంతు.